పలికే పేరు

మామయ్య ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. వందల నంబర్లు ఆయన నాలుక చివరే ఉండేవి. అలాంటి మనిషి ఇప్పుడు కింది గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని తల పట్టుకున్నాడు.

"నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది, చుక్క, ఒకటి, చుక్క... నలభై ఏడా, డెబ్భై నాలుగా?"

అది పై అంతస్తు గదిలో కోడలు నిన్న బిగించిన కెమెరా నంబరు. అది కొడితే ఆ గది తెర మీద కనబడుతుంది, మాటలు అటూ ఇటూ వినబడతాయి. ఆసుపత్రి నుంచి వచ్చి పది రోజులైనా అత్తయ్య మంచం దిగలేదు, నోరు విప్పలేదు. తెలిసిన గొంతు వినిపిస్తే మాట రావచ్చన్నాడు డాక్టరు. మామయ్య మోకాళ్లు చూస్తే మెట్లెక్కనివ్వవు. కోడలు పనికి వెళ్లాక పగలంతా ఆయనే లైను కలుపుకోవాలి.

కోడలిది నెట్‌వర్కులు బిగించే పనే. నొక్కితే తెరుచుకునేలా తెర మీద ఒక బొమ్మ పెట్టింది. "నంబరు లేకుండా లైనెలా కలుస్తుందమ్మా?" అని ఆయన దాని జోలికే పోలేదు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

అంకెలు నిలవకపోతే పేరు పెడదామనుకుంది. కంప్యూటర్లో హోస్ట్స్ అని చిన్న ఫైలుంటుంది. అందులో అంకెల పక్కన మనకి నచ్చిన పేరు రాస్తే, ఆ పేరు కొట్టగానే కంప్యూటరే ఆ అంకెలకి కలుపుతుంది.

"డైరెక్టరీ అన్నమాట," అన్నాడు మామయ్య, కాస్త తేరుకుని.

ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో 'అత్తయ్య' అని రాసి, "ఇక కొట్టండి," అంది.

ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"అది నీకు అత్తయ్య. నాకు కాదుగా. దాని పేరేంటమ్మా? పొద్దుటి నుంచీ వెతుకుతున్నా. దొరకట్లేదు."

నంబరు మరిచిపోతే నవ్వుకోవచ్చు, ఇది నవ్వే సంగతి కాదు. కోడలు పేరు చెప్పబోయి ఆగింది. ఇవాళ చెప్తే రేపటికి ఉండదు. అయినా ఈ ఇంటికొచ్చిన పన్నెండేళ్లలో ఆయన భార్యని పేరు పెట్టి పిలవగా తను విన్నదెప్పుడు?

'అత్తయ్య' చెరిపేసి, అవే అంకెల పక్కన ఇంకో మాట రాసింది.

"పేరొద్దు మామయ్యా. కళ్లజోడు కనబడకపోతే ఏమని కేకేస్తారు? అదే కొట్టండి."

ఆయన ఆలోచించలేదు. 'ఇదిగో' అని ఒక్కో అక్షరమే వెతికి నొక్కాడు. తెర వెలిగింది. మంచం మీద ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఇదిగో," అన్నాడు.

ఆవిడ తల మెల్లగా ఇటు తిరిగింది. పెదవులు తడబడ్డాయి. ఇన్నేళ్లూ వంటింట్లోంచి పలికినట్టే పలికింది.

"ఆఁ... వస్తున్నా."

పక్కకి ఒత్తిగిలడమే కష్టమైన మనిషి ఆ మాట అనేసరికి కోడలికి ఏడుపు ఆగలేదు.

మామయ్య తెరకి దగ్గరగా వంగాడు.

"నెమ్మదిగా రా. తొందరేం లేదు."