అంచున ఒక ముడి

వేమూరు దాటాక కోటిరత్నానికి కిటికీ పక్కన చోటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో మెడ తుడుచుకుని, సూదులు బయటికి తీసింది. రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే పాసింజరులో ఆమె ఇలా అల్లుతూ కూర్చోవడం రోజూ ఎక్కేవాళ్ళకు అలవాటే. ఇంత ఉక్కపోతలో ఒళ్ళో ఊలు పెట్టుకున్న మనిషిని కొత్తవాళ్ళు మాత్రం వింతగా చూస్తారు. ఆమె తల ఎత్తదు. ఎత్తితే మెడ నొప్పి, దించితే భుజం నొప్పి. సూది రాసి రాసి ఆమె కుడి చూపుడువేలి కొన చింతగింజలా నున్నబడి గట్టిపడింది.

సంచి అడుగున ఉన్న శాలువాలు తెనాలి దుకాణానికి. కాశీ ప్రయాణాలకు, ఏసీ రైళ్ళకు కొనుక్కుంటారు జనం. చేతిలో ఉన్నది మాత్రం సరోజిని టీచరమ్మకు.

సరోజిని రేపల్లెలో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పిన మనిషి. నిజాంపట్నం పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చిన కోటిరత్నం చేతిలో మొదట ఊలు సూదులు పెట్టింది ఆమే. ఇప్పుడు బాపట్లలో తమ్ముడింట్లో ఉంటోంది. చక్కెర జబ్బు చూపును మసకబార్చి, కిడ్నీలను కూడా తినేసింది. డయాలసిస్ జరిగినంతసేపూ చలి.

"ఎముకల్లోంచి వస్తందే రత్నం. దుప్పటి కప్పితే గొట్టాలున్న చెయ్యి కనపడాలని నర్సులు తీసేస్తారు. తీస్తే వణుకు" అంది మొన్న ఫోనులో. ఆ మాటల మధ్య పళ్ళు టకటకలాడటం కోటిరత్నానికి వినిపించింది.

అందుకే ఆకారం గురించి చాలా ఆలోచించింది. పొడుగు శాలువా గొట్టాలకు అడ్డం పడుతుంది. మూడుమూలల శాలువాను ఒక చేత్తో పట్టుకోకపోతే భుజం మీంచి జారిపోతుంది. నెలవంక అయితే మెడ చుట్టూ వంగి, దానంతటదే భుజాల మీద కూర్చుంటుంది. ప్రతి వరుసకూ రెండు కొసల్లోనూ కుట్లు పెంచుకుంటూ పోవాలి. ఒక్కచోట మరిచిపోతే వంపు ఒక పక్కకు ఒరుగుతుంది. తప్పు జరిగితే మొత్తం ఊడిపోకుండా మధ్యలో ఒక వరుస కుట్లన్నిటిలోంచి పచ్చటి వలదారం దూర్చి ఉంచింది. ఎంత విప్పినా అక్కడికి వచ్చి ఆగుతుంది.

చివరి వరుస ఊరికే బిగుసుకుపోతుంది. దాన్ని లావు సూదితో వదులుగా ముగించింది. చినరావూరు దగ్గర పడుతుండగా అంచు పొడుగునా బొటనవేలు నడిపించి చూసుకుంది. ఒకచోట వేలు ఆగింది.

ముడి.

చిన్నదే, ఆవగింజంత. నిన్న సాయంత్రం ఊలు ఉండ అయిపోయి కొత్త ఉండ అందుకున్నప్పుడు కళ్ళు మూతలు పడుతున్నాయి. రెండు కొసలనూ జతగా పట్టుకుని నాలుగు కుట్లు వేస్తే సరిపోయేది. ఆమె చేతులు ఆమెను అడగలేదు. నాన్న పక్కన కూర్చుని తెగిన వలలు బాగుచేసిన రోజుల్లోలాగా కొసను చుట్టి, తిప్పి, లాగి బిగించేశాయి. వలకు అదే ప్రాణం. శాలువాకు అదే తప్పు.

మొదటి శాలువా అల్లినప్పుడు సరోజిని దాన్ని అందరి ముందూ ఎత్తి చూపించి, "ఇది కప్పుకుంటే వీపంతా పల్లేరుకాయలే" అంది. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. కోటిరత్నం కూడా నవ్వింది. ఆ తర్వాత ఎన్ని అల్లినా, టీచరమ్మ చేతికి ముడి తగలని శాలువా ఒక్కటైనా ఇవ్వాలని ఉండేది. ఇన్నేళ్ళూ ఇచ్చింది లేదు. అల్లినవన్నీ దుకాణానికే పోయాయి.

తెనాలిలో దుకాణం యజమాని ప్రకాశరావు పాత శాలువా ఒకటి తిప్పి ఇచ్చాడు. "చూడమ్మా, అంచు ఎలా చుట్టుకుపోయిందో, తమలపాకు చిలకలాగా!"

"పక్కన నాలుగు కుట్లు వేరే అల్లిక వెయ్యాల్సిందండి. మరిచిపోయా. ఇప్పి మళ్ళీ వేస్తా."

"ఆ చేతిలోదేంటి? బాగుందే, ఇలా పెట్టు."

"ఇది అమ్మేది కాదండి."

"అబ్బో! ఎవరికమ్మా అంత స్పెషల్?"

ఆమె శాలువా మడిచి సంచి భుజాన వేసుకుంది.

స్టేషన్‌లో సిమెంటు బల్ల మీద కూర్చుని శాలువా మళ్ళీ చూసుకుంది. ముడి పోవాలంటే పచ్చదారం దాకా విప్పాలి. విప్పితే ఈ రోజు డయాలసిస్ వేళకు బాపట్ల వెళ్ళడం కుదరదు. వచ్చేసారి తీసుకెళ్ళవచ్చు. ఎవరూ ఏమీ అనరు. పళ్ళు టకటకలాడిన చప్పుడు గుర్తొచ్చింది. ఒళ్ళంతా అలసటగా ఉంది. బాపట్ల రైలు వస్తోందని మైకులో చెబుతుంటే, పచ్చదారం కొస పట్టుకుని మెల్లగా లాగేసింది. ఇక విప్పడం లేదు.

ఆస్పత్రిలో సరోజిని మంచం మీద మరీ చిన్నగా కనిపించింది. తమ్ముడు ఆమెను దించి భోజనానికి వెళ్ళాడట. రక్తం గొట్టాల్లో నడుస్తోంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఊలు వాసనొస్తంది. రత్నమేనా?"

"నేనేనండి టీచరమ్మా."

"మాటలు తర్వాత. ముందు కప్పు."

కోటిరత్నం ఆమెను కాస్త లేపి భుజాల చుట్టూ వేసింది. సరోజిని మెడ అటూ ఇటూ తిప్పింది.

"జారట్లేదే!"

"నెలవంకండి."

"చివరి వరుస బిగించావా?"

"లావు సూదితో ముగించానండి."

సరోజిని ఖాళీ చేతి వేళ్ళు అంచు వెంట నడిచాయి. కోటిరత్నం నేల వైపు చూసింది. వేళ్ళు ఆగాయి.

"ఇదేంటే? చలికి కప్పడానికొచ్చావా, చేపలు పట్టడానికొచ్చావా?"

"నిద్రమత్తులో చెయ్యి అదే వేసిందండి. ఇటివ్వండి, ఇప్పి మళ్ళీ అల్లుకొస్తా."

"చాల్లే. మళ్ళీ అల్లేదాకా చలి ఆగుతదా?" సరోజిని నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. "ఉండనీ. పట్టుకోడానికి బాగుంది."

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముడిని పెట్టుకుని మెల్లగా నలపసాగింది. వణుకు తగ్గింది. స్టూలు మీద కూర్చున్న కోటిరత్నం గోడకు తల ఆనించి, ఆ వేళ్ళు కదలడం చూస్తూ కళ్ళు మూసుకుంది.

"పెద్దమ్మా... పెద్దమ్మా" అని నర్సు పిలుస్తుంటే మెలకువ వచ్చింది. పిలుస్తున్నది తనను కాదు. డాక్టరు పరుగున వచ్చాడు. మంచం చుట్టూ పచ్చ తెర లాగారు. తెర వెనక కాసేపు హడావిడి, ఆ తర్వాత ఏమీ లేదు. గుండె ఎప్పటినుంచో బలహీనంగానే ఉందని ఎవరో అన్నారు.

నర్సు శాలువా మడిచి తీసుకొచ్చింది. "వేళ్ళు వదిలించడం కష్టమైందండి. ఇది మీదేనా?"

"కాదమ్మా. ఆవిడదే."

నర్సు దాన్ని స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది. మడతల్లో పై అంచున ముడి ఉంది. నలిపి నలిపి దాని చుట్టూ ఊలు సన్నటి నూగులా లేచి ఉంది.