పన్నెండు జెర్సీలు

సమ్రీన్ ఆ కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్‌గా చేరి నెలైంది. ఎన్ని పోస్టర్లు అంటించినా ఆటకొచ్చిన అమ్మాయిలు నలుగురే. ఐదో మనిషి లేనిదే జట్టే లేదు. అందుకే, తరగతి గది తలుపు దగ్గర తల వంచి నడిచేంత పొడుగున్న ఖుష్నుమా కోసం అల్ హైల్ పేటలో వాళ్లింటికే వెళ్లింది.

ఈ పరాయి దేశంలో తనదీ వాళ్ల కడపేనని సమ్రీన్ చెప్పాక ఖుష్నుమా తల్లి ఇక్బాలున్నీసా టీ అయితే ఇచ్చింది గానీ, కుట్టుమిషన్ ముందునుంచి కదల్లేదు.

"చేతులెత్తితే చొక్కా పైకి పోతాది. అంతమందిలో అదేం ఆట మేడమ్?"

అసలు అడ్డు బట్టలేనని తెలియక పోస్టర్ల మీద నెలంతా తగలేసినందుకు సమ్రీన్‌కి తన మీద తనకే ఒళ్లు మండింది. "పైకి పోకుండా మీరే కుట్టియ్యండి ఖాలా."

ఇక్బాలున్నీసా కూతుర్ని పిలిచి, చేతులు పైకెత్తించి, టేపుతో చంక నుంచి మోకాలి దాకా కొలిచింది. కొలుస్తూ కొలుస్తూ, ఇదెప్పుడు ఇంత ఎదిగిందా అన్నట్టు ఆ వేళ్ల చివరలకేసి చూస్తూ ఉండిపోయింది.

పది రోజులకు ఆమే మూటతో కోర్టుకొచ్చింది. నిండు చేతులు, మోకాళ్లదాకా పొడవు. సమ్రీన్ లెక్కపెట్టింది. పన్నెండు జెర్సీలు!

"ఖాలా, మాకుండేది ఐదుగురే కదా?"

"జట్టుకు పన్నెండు మందని మా పాప చెప్పింది." ఇక్బాలున్నీసా మెడలో టేపు సర్దుకుంది. "కొలతల్లేకుండా నేనెప్పుడన్నా కుడతానా బేటీ? నేను కొలిచిన మిగతా ఏడుగురూ వాళ్లమ్మలతో గేటు బయట నిలబడుకోని ఉండారు. పో, పిలుచుకో."