గుంతమ్మ తల్లి

ఊరి నుంచి పెద్దకడుబూరు పోయే మట్టిదారిలో, వంక కాడ మలుపు తిరగ్గానే ఒక గుంత ఉంది. ఆ గుంతలో శేషన్న ఆటో పల్టీ కొట్టి ఆయన కాలు విరిగింది. ప్రాణం దక్కినందుకు శేషన్న పెండ్లాం ఆడ ఒక రాయి నాటి, పసుపు పూసి, టెంకాయ కొట్టింది. ఇంక ఆడ ఎవరు పడినా, చావకుండా లేచినందుకు ఒక టెంకాయ. పోనుపోను గుంత కాస్తా గుంతమ్మ అయింది.

ఉచ్చీరమ్మకు మాత్రం ఆ పేరు వింటేనే భయం. కూతురు కవిత ఆదోనిలో నర్సు కోర్సు చదువుతోంది. రోజూ ఆ దారిలో శేషన్న ఆటోలోనే పోవాల. ఆటో మలుపు తిరిగిందంటే చాలు, ఉచ్చీరమ్మ మనసులో అది పల్టీ కొట్టేది, కవిత తల పగిలేది, ఆస్పత్రిలో రక్తం దొరికేది కాదు. పత్తిచేలో కలుపు తీస్తూనే ఏడుపు కూడా అయిపోయేది. సాయంత్రం పిల్ల నవ్వుతా దిగితే, 'రేపటికి ఉంచినాడేమో దేవుడు' అనుకునేది.

వానలు మొదలైనాయి. గుంత నిండి లోతు కనపడకుండా పోయింది. ఉచ్చీరమ్మ ఉండబట్టలేక టీ హోటలు కాడికి పోయింది. పిల్లలను ఆదోనిలో దించి వచ్చిన శేషన్న ఆడ బీడీ తాగుతున్నాడు.

"ఆ గుంత పూడ్సండప్పా."

"పూడ్సేదేందక్కా? ఆ యమ్మ నా కాలిరగ్గొట్టబట్టే నేను సారాయి మానుకుంటి. ఊరికే ఏమీ సెయ్యదు ఆ యమ్మ."

"మరి సారాయి ముట్టని రామక్క నడుమెందుకు ఇరగ్గొట్టె?"

"నడుమిరిగినాకనే కదా కోడలు అన్నం పెట్టేది నేర్సుకునింది."

"కోడలి బుద్ధికి అత్త నడుమా? నోటితో సెప్పేది రాదా ఆ యమ్మకు?"

పక్క బెంచీలో టీ తాగుతున్న పాస్టరు యేసేపు గ్లాసు దించినాడు. గుడి మైకు, చర్చి మైకు కాడ కొట్లాడుకున్నప్పటి నుంచి ఆయనకూ శేషన్నకూ మాటల్లేవు. గుంత కలిపింది ఇద్దరినీ.

"అది దేవుడు పెట్టిన శోధన తల్లీ. గుంత పడినాక జనం భయపడి ప్రార్థనకొస్తాండారు, మా ఆదివారం కూటంలో కూర్సునే సోటు లేదు."

"మీ ఇద్దరికీ బాగానే కలిసొచ్చిందయ్యా," అనింది ఉచ్చీరమ్మ. "కాలిరగడం అంత మంచిదైతే, శేషన్నా, కట్టెందుకు కట్టిచ్చుకుంటివి? రెండో కాలు కూడా సాపింటే బీడీ మానేవాడివి."

శేషన్న బీడీ పక్కకు పెట్టినాడు. "దేవుని మనసు మనకు తెలీదక్కా."

"తెలీదనే నేనూ అంటాండా. తెలీనప్పుడు, గుంత ఉంచాలని మాత్రం మీకెట్ల తెలిసె?"

శేషన్న మళ్లీ బీడీ అందుకున్నాడు, పాస్టరు టీ గ్లాసు. ఎవరూ పార మాత్రం తేలేదు.

ఉచ్చీరమ్మే పార, గంప తెచ్చుకునింది. వంక గట్టున గరుసు మట్టి తవ్వి గంపకెత్తింది గానీ, రాయి ముందుకొచ్చేసరికి గంప దించి చేతులు జోడించింది. నిజంగానే అమ్మ ఉంటే? పగబట్టి కవితనే పట్టుకుంటే?

"తల్లీ, నీకేదో మంచి ఉద్దేశం ఉండొచ్చు. పెద్దగా సదువుకోనిదాన్ని, నాకు తెలీదు. ఉంటే దానికి ఇంకో దారి సూసుకో. కోపమొస్తే నా మీద సూపించు, పిల్ల జోలికి పోవద్దు."

రాయిని ఎత్తి గట్టున తుమ్మచెట్టు నీడలో పెట్టి, గంప కుమ్మరించింది. గంప గంపకూ చేయి పడిపోయిందేమోనని చూసుకునింది. పడిపోలేదు, గుంజింది అంతే.

సాయంత్రం ఆటో కుదుపు లేకుండా మలుపు దాటింది. శేషన్న ఆపి, దిగి, కుంటికాలితో తొక్కి చూసినాడు. ఆటోలో ఎప్పుడూ ఉండే టెంకాయ తీసి కొట్టినాడు.

"సూసినారా, ఆ యమ్మే పూడ్సుకునింది. ఉచ్చీరక్క సేతుల్లో దూరింది."

కవితకు ఒళ్లు మండింది. "మోసింది మాయమ్మ శేషన్నా, గుంతమ్మ కాదు."

"పోనీలేమ్మా," అనింది ఉచ్చీరమ్మ. పిల్ల తల, కాళ్లు, చేతులు అన్నీ తడిమి చూసుకునింది. అన్నీ ఉన్నాయి. అప్పుడే ఆమె కన్ను ముందు వంక దాటే మోరీ మీద పడింది. దాని పక్కగోడ బీటలిచ్చింది. మనసులో ఆటో మళ్లీ పల్టీ కొట్టింది.

గంప, పార తీసి శేషన్న సీటు పక్కన పెట్టింది.

"రేపు నాకు కలుపు పనుందప్పా. ఆ మోరీ గోడకు ఆ యమ్మను నీ సేతుల్లో దూరమను."