ఖాళీ బ్యాగు ఇరవై ఆరు కిలోలు

తూకాలాయన నెలలో ఇరవై రోజులు విమానాల్లోనే ఉంటాడు. ఊరూరా ఫ్యాక్టరీలకి వెళ్ళి, అక్కడి తూకం మిషన్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి, స్టిక్కరు అంటించి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. అందుకే ఆఫీసులోనూ, ఇంటి చుట్టుపక్కలా ఆయన్ని అందరూ అదే పేరుతో పిలుస్తారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క విమానం కూడా తప్పిపోలేదని ఆయనకి మహా గొప్ప.

విమానాశ్రయాల గురించి ఆయన్ని కదిపితే చాలు, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. తనిఖీ దగ్గర ముందున్న మనిషి బూట్లు చూసి ఎంతసేపు పడుతుందో చెప్పేస్తాడు. లేసులు ముడేసిన బూట్లవాడి వెనక పడ్డారా, ఇక అంతే సంగతులు. చక్రాలు నేలకి తగిలీ తగలకముందే లేచి, పైన సామాను అరకి తల కొట్టుకునేవాళ్ళని చూస్తే ఆయనకి జాలి. తలుపు తియ్యందే ఎక్కడికి పోదామనో వీళ్ళంతా! విమానంలో ఏడ్చే పసిపిల్లల మీద మాత్రం ఎవరైనా విసుక్కుంటే ఊరుకోడు. "చెవులు పోటెత్తితే మనకీ ఏడుపే వస్తుందండీ, పెద్దవాళ్ళం కాబట్టి మింగేస్తున్నాం" అంటాడు.

అన్నిటికంటే ఆయనకి ఇష్టమైన చోటు సామాను తూచే కౌంటరు. చెప్పాల్సినవాళ్ళకి చెప్పకుండా దాచుకున్న మాటలు సామానుతో పాటు తూగేది అక్కడే కదా. గోడవారగా ఆరు కుర్చీలుంటాయి. బరువెక్కువైనవాళ్ళు అక్కడ కూర్చుని ఫోన్లు చేసుకుంటారు. డబ్బు కట్టి తప్పించుకుందామంటే కుదరదు, ఆ బరువుని విమానం మొయ్యదు. ఒకసారి ఒక పెద్దావిడ "అక్కా, నీ గొడుగు పోలేదే, నా దగ్గరే ఉంది" అని ఫోన్లో అనగానే రెండు కిలోలు దిగిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఆయన బట్టల బ్యాగు మాత్రం ఎప్పుడూ ఏడు కిలోలే. కడుపులో మాట దాచుకునే రకం కాదు మరి.

ఆ ఉదయం అదే బ్యాగు ముప్ఫై ఒకటి తూగింది.

"సార్, ఏదో చెప్పకుండా వచ్చేసినట్టున్నారు" అంది కౌంటరు అమ్మాయి. వారానికి రెండుసార్లు కనిపించే మనిషి కాబట్టి కాస్త చనువుగానే అంది.

"నీ మిషన్ తప్పమ్మా."

"మీరు పరీక్షించిందే కదా సార్."

నిజమే, మిషన్ మీద స్టిక్కరూ ఆయనదే, సంతకమూ ఆయనదే. అయినా ఒప్పుకుంటేనా? తన పనిముట్ల పెట్టె తెరిచి ఐదు కిలోల రాయి తీసి పెట్టాడు. ఐదు చూపించింది. పది కిలోల రాయి పెట్టాడు. పదే. గ్రాము తేడా లేదు. వెనక క్యూలో గొణుగుడు మొదలైంది. ఆయన బ్యాగు విప్పి చొక్కాలు, తువ్వాలు, బూట్లు, గడ్డం గీసుకునే సామాను, అన్నీ తీసి నేల మీద పేర్చాడు. ఖాళీ బ్యాగుని మళ్ళీ ఎక్కించాడు.

ఇరవై ఆరు.

ఖాళీ బ్యాగు రెండు కిలోలు. మిగతా ఇరవై నాలుగూ ఎక్కడివో ఆయనకి తెలుసు. మొన్న కంపెనీ డాక్టరు ఎడమ పిక్క నొక్కి చూసి ముఖం చిట్లించాడు. "రక్తం గడ్డకట్టిందేమో అని నా అనుమానం. స్కాన్ తీయించుకోండి, అది తేలేదాకా విమానం ఎక్కొద్దు" అని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని, ఇంట్లో మాట మాత్రం అనలేదు. చెప్తే భార్య గడప దాటనివ్వదు. మందుల ఫ్యాక్టరీవాళ్ళు ఇవాళ ఆయన కోసం కాచుకుని కూర్చున్నారు. ఇవాళొక్కటి చూసుకుని వచ్చేస్తే సరిపోతుందనుకున్నాడు.

వెళ్ళి కుర్చీలో కూలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమండీ, ఎక్కేశారా?" వెనక కుట్టుమిషన్ టకటకలాడుతోంది. ఆవిడ ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది.

"ఇంకా లేదే. అదీ... హాల్లో నువ్వు కుట్టిన కర్టెన్లు బాగున్నాయన్నాను చూడు, నాకా రంగు అస్సలు నచ్చలేదు."

"అది చెప్పడానికా పొద్దున్నే ఫోను?"

"అరకిలో దిగింది సార్" అంది అమ్మాయి అక్కణ్ణుంచి. "అసలుది ఇంకా ఉంది."

తూకాలాయన కళ్ళు మూసుకుని మొత్తం చెప్పేశాడు. పిక్క వాపు, డాక్టరు మాట, జేబులో కాగితం. కుట్టుమిషన్ ఆగిపోయింది.

"మీకేమైనా మతి పోయిందా?" అంది ఆవిడ. "కదలకుండా అక్కడే కూర్చోండి. నేనొస్తున్నా."

ఖాళీ బ్యాగు రెండు కిలోలు చూపిస్తోంది. ఆయన గబగబా బట్టలన్నీ కుక్కి జిప్పు లాగాడు. చెప్పాల్సింది చెప్పేశాడు కదా, ఇంకేముంది! ఆవిడ వచ్చేసరికి తాను గాల్లో ఉంటాడు. రేపొచ్చి కాళ్ళావేళ్ళా పడొచ్చు.

"ట్యాగు వేసెయ్యమ్మా, ఆఖరి పిలుపు కూడా అయిపోతోంది."

అమ్మాయి ట్యాగు అందుకుంది. అంకె ఏడు దగ్గర ఆగలేదు. పన్నెండయింది. ఇరవై అయింది. ముప్ఫై దాటి ఇంకా ఎక్కుతూనే ఉంది.

"మేడంగారికి వెళ్ళనని చెప్పి వెళ్తున్నారా సార్?" అంది అమ్మాయి మెల్లగా.

"వెళ్ళననలేదమ్మా."

"వెళ్తాననీ అనలేదుగా."

ఇరవై రెండేళ్ళుగా మిషన్ల చేత నిజం చెప్పించి పొట్ట పోసుకున్న మనిషి! బ్యాగు దింపుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి అద్దాల అవతల ఆయన విమానం వెనక్కి కదిలింది. ఏడుపొచ్చినంత పనైంది.

ఆవిడ ఇంట్లో చెప్పులతోనే వచ్చేసింది. కొలతల టేపు మెడలోనే ఉంది, తీయడం మర్చిపోయింది. ఆయన ముందు నేల మీద కూర్చుని, అంతమంది చూస్తుండగా ప్యాంటు కాళ్ళు రెండూ మోకాళ్ళదాకా మడిచింది. కుడి పిక్క చుట్టూ టేపు చుట్టింది. పదమూడున్నర అంగుళాలు. ఎడమది పదిహేనుంపావు.

"పెళ్ళైనప్పట్నుంచి మీ ప్యాంట్లు నేనే కుడుతున్నాను" అంది. "రెండు కాళ్ళదీ ఒకటే కొలత." ఆయన బ్యాగు తనే అందుకుని లేచింది.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో స్కాన్ అయింది. గడ్డ తొడదాకా పాకిందట. ఇవాళ విమానంలో నాలుగు గంటలు కదలకుండా కూర్చుని ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండేదని, అప్పుడు తన దగ్గరికి తీసుకొచ్చినా లాభం ఉండేది కాదని డాక్టరమ్మ సూటిగా చెప్పింది. ఇంజెక్షన్ ఇచ్చి, పడుకోబెట్టి వెళ్ళింది.

"భయమేసిందే" అన్నాడు ఆయన పైకప్పు చూస్తూ. "మొన్నట్నుంచీ భయంగానే ఉంది."

ఆవిడ మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఊఁ. ఇంకా ఏమున్నాయో అన్నీ చెప్పండి. నాకు వేరే పనేం లేదు."