పదకొండు కాలర్లు

హిల్కె బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఆదివారం భోజనానికి వచ్చిన అత్తగారు అలైడా బల్ల దగ్గర కూర్చుని చూస్తున్నారు. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి.

"ఎడమ చేత్తో కత్తి పడితే చూసేవాళ్లకే భయమేస్తుందమ్మాయ్. నా తరగతిలో ఉంటే వారంలో మాన్పించేదాన్ని," అన్నారామె, పద్దెనిమిదేళ్లుగా అంటున్నట్టే.

హిల్కె నవ్వి ఇంకో దుంప అందుకుంది. ఆమె మనసు విశ్వవిద్యాలయం సెనేట్ హాల్లో ఉంది. అక్కడ గోడల నిండా మూడు వందల ఏళ్ల నాటి ఆచార్యులు నల్లటి అంగీల్లో, తెల్లటి లేసు కాలర్లలో కొలువుదీరి ఉంటారు. ఆ చిత్రాల మురికి తీయడం ఆమె ఉద్యోగం. పుల్లకు దూది చుట్టి, నాలుకతో తడిపి, గోరంత మేర దొర్లించాలి. ఆ మురికికి ఏ మందు కన్నా ఉమ్మే మేలు. ఆ చిత్రాల గురించి రాయడం భర్త రైనౌట్ ఉద్యోగం. హామింక్ అనే చిత్రకారుడి మీద అతని పుస్తకం రేపు అచ్చుకు వెళ్తుంది. ఆమె రెండేళ్లు రాసిపెట్టిన వివరాలు అందులో "నా పరిశీలన" అయ్యాయి. ముందుమాట చివర మాత్రం, ఓర్పుగా టైపు చేసినందుకు భార్యకు కృతజ్ఞతలున్నాయి.

శుక్రవారం ఆమె హామింక్ పదకొండో చిత్రంలో కాలరు మీద పసుపెక్కిన వార్నిష్ పూతను మందుతో తుడిచింది. లేసులోని సన్నగీతలు బయటపడ్డాయి. కుడిచేతివాళ్లు గీస్తే గీతలు కుడికి వాలతాయి. ముఖంలో అలాగే ఉన్నాయి. లేసులో అన్నీ ఎడమకు వాలాయి. ఆమె తన చేతిని గాల్లో అలా ఆడించి చూసుకుంది. నిచ్చెన జరుపుకుంటూ తక్కిన పదీ చూసింది. అన్నిట్లోనూ అదే చెయ్యి.

ఆ రోజుల్లో ఆచార్యులు ముఖం కోసం ఓ గంట కూర్చుని, బట్టలు మాత్రం చిత్రకారుడి ఇంటికి పంపేవారు. కొయ్యబొమ్మకు తొడిగి, తక్కినదంతా ఇంట్లోనే గీసేవారు. ఇక హామింక్ భార్య ఫ్రౌకె ఎడమ చేత్తో గంజి కలుపుతుందని పొరుగువాళ్లు చర్చి పెద్దలకు ఫిర్యాదు చేశారు. ఆ కాగితం వెలికితీసింది రైనౌటే. ఏటా తరగతిలో చెప్పి నవ్విస్తాడు.

ఊపిరి తగిలితే కదులుతుందేమోననిపించే ఆ లేసును ఫ్రౌకె ఎప్పుడు గీసిందో. పిల్లను ఒళ్లో వేసుకునో, గంజి పొంగకుండా ఓ కన్నేసో. ఒక్క పోగూ తప్పలేదు. ఒకప్పుడు ఆడవాళ్లను గడప తొక్కనివ్వని ఆ హాల్లో పదకొండుమంది పండితుల గడ్డాల కింద ఆమె ఇన్నాళ్లూ ఉంది. హిల్కె నిచ్చెన మీదే చాలాసేపు కూర్చుండిపోయింది. చర్చిలో కూడా ఆమెకెప్పుడూ అలా అనిపించలేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర హిల్కె ఇదంతా భర్తకు చెప్పింది.

"గీతలు వాలాయని చరిత్ర తిరగరాస్తామా? అయినా కాలరే కదా, హిల్కె."

"కాలర్లను చూసేగా ఆయన్ని గొప్పవాడన్నావు. మూడో అధ్యాయమంతా అదే."

అతని ఫోర్కు ఒక్క క్షణం ఆగింది. "సరే, పేజీ అడుగున చిన్న గమనిక పెడతాను. 'భార్య సాయం చేసి ఉండవచ్చు' అని. సంతోషమేనా? ఆ గ్రేవీ ఇటివ్వు."

ఆమె ఇచ్చింది.

"సాయమట," అన్నారు అలైడా, కంచంలోంచి తల ఎత్తకుండా. "మీ నాన్న హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్లూ నేనూ సాయమే చేశాన్రా."

రైనౌట్ గ్రేవీ వడ్డించుకున్నాడు.

హిల్కె కంచాలు బల్ల మీదే వదిలి తన గదిలోకి వెళ్లింది. రెండేళ్ల నోటు పుస్తకాలూ, పదకొండు ఫొటోలూ సంచిలో సర్దింది. పుస్తకం అచ్చు వేయిస్తున్న ఎలిన్ రెండు వీధుల అవతలే ఉంటుంది. ఒక తెల్ల కాగితం తీసి, పైన "చిత్రకారిణి ఫ్రౌకె" అని రాసింది. దాని కింద, రాసినవారి పేరు ఉండాల్సిన చోట, పుట్టింటి ఇంటిపేరుతో సహా తన పేరు రాసుకుంది.

"కాఫీ పెట్టావా?" అని భోజనాల బల్ల దగ్గర్నుంచి రైనౌట్ కేకేశాడు.

ఆమె కోటు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, వీధి తలుపు తీసుకుని వెళ్లిపోయింది.