తీర్మానం నెగ్గించిన తిట్టు

దర్జీ కౌన్సిలరమ్మ పురసభలో పెట్టిన తీర్మానం చిన్నదే. ఊళ్లో ఎన్నో భాషల వాళ్లున్నారు కాబట్టి, ఏటా ఒక రోజును అమ్మభాషల రోజుగా అధికారికంగా గుర్తించాలి. అంతే.

ఉపాధ్యక్షుడు ఆ కాగితం చదివి కళ్లజోడు సర్దుకున్నాడు. "బతికున్న భాషలకి దినం పెట్టడమేంటమ్మా?" అన్నాడు. సభంతా గొల్లుమంది. నవ్వులు ఆగకముందే ఇంకోటి తగిలించాడు. "వచ్చే సమావేశంలో మీ అమ్మభాషలో నాలుగు ముక్కలు మాట్లాడండి. అప్పుడు చేతులెత్తుతాం."

అక్కడే వచ్చింది చిక్కు. ఆమెకు అమ్మభాష అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. అమ్మ ఆ భాషలో అడిగితే ఈమె ఊరి భాషలో జవాబిచ్చేది. అమ్మ పోయాక ఆ అడిగేవాళ్లూ లేకపోయారు. ఇక మిగిలిన దిక్కు పెద్దమ్మ. కొట్టు వెనక గదిలో కూర్చుని కాజాలు కుడుతూ ఉంటుంది.

"పెద్దమ్మా, సభలో చెప్పడానికి ఒక మంచి మాట నేర్పవే."

"మంచి మాటా? నేనూ మీ అమ్మా ఏనాడైనా మంచిగా మాట్లాడుకున్నామటే?" అంటూనే పెద్దమ్మ బారెడు వాక్యం ఒకటి అల్లింది. 'ఘనమైన పెద్దలారా, మా అమ్మ భాష మీ అందరి క్షేమం అడుగుతోంది' అని దాని అర్థం.

మిషను తొక్కుతూ, కొలతలు తీస్తూ కౌన్సిలరమ్మ దాన్నే వల్లె వేసింది. ఆ ధ్యాసలో ఒకాయన చొక్కాకి జేబు వీపు మీద పడబోయి తప్పింది.

సమావేశం రానే వచ్చింది. ఆమె మైకు ముందు నిలబడి 'ఘనమైన పెద్దలారా' వరకు లాక్కొచ్చింది. ఆపైన నాలుక మడతపడింది. ఎదురుగా ఉపాధ్యక్షుడు పక్కవాడికి నీళ్ల మోటారు సంగతి గట్టిగా చెబుతున్నాడు.

"అయ్యా, ఒక్క నిమిషం" అందామె. ఆయన వినలేదు. మళ్లీ అంది. ఊహూఁ.

అప్పుడు ఎక్కడినుంచి ఊడిపడిందో, అచ్చం అమ్మ గొంతుతో, అమ్మ భాషలో ఒక కేక వచ్చింది. మైకు దాన్ని నాలుగు గోడలకూ కొట్టింది.

ఉపాధ్యక్షుడు నీళ్ల మోటారు సంగతి వదిలేసి ఇటు తిరిగాడు. ఆమెకు నేల చీలితే బాగుండుననిపించింది.

"ఏమన్నారమ్మా?" అడిగింది అధ్యక్షురాలు.

తల దించుకునే చెప్పింది. "'చెవులు రెండూ పక్కింట్లో తాకట్టు పెట్టొచ్చావా' అన్నానండీ. చిన్నప్పుడు మా అమ్మ తిట్టేది."

అధ్యక్షురాలు పకపకా నవ్వింది. "మా అమ్మైతే 'చెవులు ఉతికి ఆరేశావా' అనేది!" అని, దాన్ని తన భాషలో రాగం తీసి మరీ వినిపించింది. రోడ్ల కాంట్రాక్టరు ఆగలేక తన తల్లి తిట్టు అందుకున్నాడు. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా తిట్టు మాత్రం అందరికీ తెలుస్తూనే ఉంది.

"మరి మీ ఇంట్లోనండీ?" అని అధ్యక్షురాలు ఉపాధ్యక్షుణ్ని అడిగింది.

"మా అమ్మకి అంత ఓపికెక్కడిదండీ? మాట కంటే ముందు గరిటె వచ్చేది" అన్నాడాయన తల తడుముకుంటూ. ఆపైన తీర్మానానికి చేతులన్నీ లేచాయి, ఆయనదీ లేచింది.

సభ ముగిశాక కౌన్సిలరమ్మ మెట్లు దిగుతుంటే, మలుపులో ఉపాధ్యక్షుడు ఫోన్‌లో ఏదో వేరే భాషలో మాట్లాడుతున్నాడు. ఆయన నోట ఆ భాష ఎవరూ ఎప్పుడూ వినలేదు. రెండు మాటలనగానే ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, అవతల ముసలావిడ ఇన్నాళ్లకా గుర్తొచ్చానని వాయించేస్తోందని తెలిసిపోయింది. ఆయన మాత్రం గోడకానుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

చెప్పుల చప్పుడు కాకుండా ఆమె పక్కనుంచి దిగిపోయింది.