చదివింపులు

నేను ఒక లక్క భరిణెను. ఏటికొప్పాకలో అంకుడు కర్రను చెక్కి, ఎర్రటి లక్క పూసి నన్ను తయారుచేశారు. నా కడుపులో చిటికెడు కుంకుమ ఉంటే చాలు, ఎంత బెట్టు మనుషులైనా గడప దాటి వచ్చేస్తారు. మనుషుల సంగతి అంతే మరి. ఊరికే రమ్మంటే బిగుసుకుపోతారు, పైగా "బొట్టు పెట్టి పిలవాలా?" అని ఒకరినొకరు దెప్పుకుంటారు.

నన్ను అనకాపల్లి వరహాలమ్మకు పెళ్లప్పుడు ఆవిడ భర్త కొనిచ్చాడు. ఆయన పోయాక నన్ను ట్రంకుపెట్టె అడుగున, పాత చీరల కింద పడేశారు. లోపలి కుంకుమ గడ్డకట్టింది. ఆవిడ నుదుటికి లేని పని నాకు మాత్రం ఎక్కడిది?

ఆవిడ మాత్రం ఊరుకోలేదు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే ఆడవాళ్ల మీద కథలు రాసింది. మొదటి పుస్తకం ఆవిష్కరణకు అందరికీ వాట్సాప్‌లో కబురు పెడితే దండాల బొమ్మలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి, మనుషులు రాలేదు. పాపం, కుర్చీలకే కథ చదివి వినిపించి ఇంటికొచ్చింది. ఇప్పుడు రెండో పుస్తకం అచ్చయింది. "ఈసారీ ఎవరూ రాకపోతే కట్టలన్నీ పాత కాగితాలవాడికి ఇచ్చేసి, ఇంక రాయడం మానేస్తానే" అంది పక్కింటి పైడమ్మతో. ఆ మాట పెట్టెలోంచి విని నా గుండె జారిపోయింది.

పైడమ్మ నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "ఓలప్పా, ఫోన్లో పిలిస్తే దండాలే వస్తాయి. మనుసులు రావాలంటే బొట్టెట్టి పిలవాల" అంటూ పెట్టె తెరిచి నన్ను బయటికి లాగింది.

"అది ఇప్పుడు నాది కాదే" అని గొణిగింది వరహాలమ్మ.

"నీది కాకపోతే నీ పుస్తకానిది!" అని పైడమ్మ నన్ను కొంగుతో తుడిచి, కొత్త కుంకుమ పోసింది. ఆ తల్లికి నేను జన్మజన్మలకూ రుణపడి ఉంటాను.

ఇక చూడాలి మా తిరుగుడు! పైడమ్మ ఇంటింటికీ వెళ్లేది, బొట్టు పెట్టేది, పుస్తకంలోంచి ఒక కథ అందుకునేది. కథ మంచి పట్టులో ఉండగా నా మూత టక్కున వేసేసేది. "తరవాతేటయిందే?" అని ఎవరైనా అడిగితే, "ఆదివారం కల్యాణమండపానికి రా, మా వరహాలమ్మప్పే చెప్తాది" అనేసి పక్కింటికి పోయేది. బొట్టేమో పెట్టారు, రమ్మన్నదేమో కల్యాణమండపానికి. పెళ్లి ఎవరిదని అడిగే సందు పైడమ్మ ఎవరికిచ్చింది గనక?

ఆదివారం నాడు జనం పట్టుచీరలు కట్టుకుని, స్టీలు గిన్నెలు, జాకెట్టు ముక్కలు పట్టుకుని దిగారు. మార్కెట్లో దిమ్మలు మోసి మోసి నడుం వంగిన ముసలమ్మ ఒకామె హాలంతా కలియజూసి, "పెళ్లికూతురేదమ్మా?" అంది.

"ఇదిగో!" అని పైడమ్మ పుస్తకం ఎత్తి చూపించింది. హాలంతా ఘొల్లున నవ్వింది.

"మరి ఈ చదివింపులు ఎవులికియ్యాల?" అంది ముసలమ్మ.

అప్పుడు వరహాలమ్మ ముందుకొచ్చింది. "గిన్నెలు మీరే పట్టుకుపోండమ్మా. తలా ఒక పుస్తకం తీసుకెళ్లి చదవండి, అవే నాకు చదివింపులు."

తరవాత ఆవిడ కథ చదివింది. మధ్యలో ఒక్కరు లేస్తే ఒట్టు. కట్టలన్నీ విప్పాల్సి వచ్చింది.

జనం కదలబోతుంటే ఆ ముసలమ్మ పైడమ్మ చేతిలోంచి నన్ను లాక్కుంది. "ఊరందరికీ బొట్టెట్టినారు. ఇంటామెకి ఎవులెట్టినారే?"

వరహాలమ్మ వెనక్కి తగ్గింది. "నాకు కూడదమ్మా."

"అప్పుడు తీసింది మొగుడు పోనాడని. ఇప్పుడెట్టేది పుస్తకం పుట్టిందని" అంటూ ముసలమ్మ వేలు నాలో ముంచి ఆవిడ నుదుట దిద్దింది. వరహాలమ్మ బావురుమంది. నాకూ కళ్లుంటే ఏడ్చేదాన్నే.

ఇప్పుడు చుట్టుపక్కల ఎవరు పుస్తకం వేసుకున్నా ముందు పైడమ్మ గుమ్మం తొక్కుతున్నారు. తిరిగి తిరిగి నా లక్క పెచ్చులూడుతోంది, ఊడనీ. ప్రతిసారీ బయల్దేరేముందు పైడమ్మ మొదటి బొట్టు వరహాలమ్మకే పెడుతుంది. ఆవిడ ఇప్పుడు వెనక్కి తగ్గదు.